ఒక్క మార్కు

నా మొదటి స్లైడు ఎప్పుడూ ఒకటే. తెల్ల గౌను, ఒళ్లో పెనవేసుకున్న చేతులు, నుదుటి నిండా ముడతలు. ఆగస్టె డి. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో డాక్టర్ ఆల్జీమర్ ఆమెను మొట్టమొదట పేరు అడిగాడు. ఆగస్టె అంది. ఇంటిపేరు అడిగితే ఆగస్టె అంది. మొగుడి పేరు అడిగినా అదే. పేరు రాయమని కాగితమిస్తే ‘శ్రీమతి’ వరకూ రాసి, మిగతాది మర్చిపోయింది. అప్పటికి ఆమెకు 51 ఏళ్లు.

ఇక్కడికొచ్చాక నేను కాస్త ఆగుతాను. హాలంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దమంటే నాకిష్టం. పదకొండేళ్లుగా నర్సులకు ముసలివాళ్ల సేవ గురించి పాఠాలు చెబుతున్నాను, ఎక్కడ ఆగాలో బాగా తెలుసు.

ఆ సారి ఒక జిల్లా కేంద్రంలో రెండు రోజుల శిక్షణ. ముప్ఫై మంది దాకా వచ్చారు. స్టాఫ్ నర్సులు, ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, పల్లె క్లినిక్కుల నుంచి ఎం.ఎల్.హెచ్.పి. అమ్మాయిలు, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు. మొదటి రోజు బాగా జరిగింది. నిన్నటి దాకా బాగున్న ముసలాయన ఇవాళ హఠాత్తుగా పిచ్చిమాటలు మాట్లాడుతుంటే అది డిమెన్షియా కాకపోవచ్చు, ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడమన్నాను. మతిమరుపు అనగానే బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించమన్నాను. చెవుడుని మతిమరుపు ఖాతాలో రాయొద్దన్నాను. ‘ముందు మనిషి, తర్వాత జబ్బు’ అన్న స్లైడును అందరూ ఫోన్లలో ఫొటో తీసుకున్నారు.

రెండో రోజు మతిమరుపుకు మార్కులు వేయడం నేర్పాలి. ఫోల్‌స్టీన్ దంపతులూ, మెక్‌హ్యూ కలిసి 1975లో తయారుచేసిన ఎం.ఎం.ఎస్.ఇ. పరీక్ష. మొత్తం 30 మార్కులు, 24కి తగ్గితే మామూలుగా అనుమానించాలి. దీంతో తంటా ఏమిటంటే, కొన్ని ప్రశ్నలు బడికెళ్లినవాళ్లకే పనికొస్తాయి. హర్యానాలో బల్లభ్‌గఢ్ వైపు చదువురాని పల్లెవాళ్ల కోసం దీన్ని హిందీలో తిరగరాసుకోవలసి వచ్చింది కూడా. ఇది నేనే చెప్పాను, గర్వంగా. నా చేతిలో ఉన్న జిరాక్సు కాగితాల్లో మాత్రం ప్రశ్నలు తెలుగు, మార్కులు వేసే నియమాలు మక్కీకి మక్కీ ఇంగ్లీషువి. దాని సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

పరీక్ష చేసి చూపించడానికి దగ్గర్లోని వృద్ధాశ్రమం నుంచి ఒకావిడను నేనే కార్లో తీసుకొచ్చాను. ఉతికిన గంజి చీర, దారం కట్టిన కళ్లజోడు. రాగానే, “ఉప్మాలో ఉప్పు మరిచారు” అంది. ఎవరో నవ్వి, “మామ్మగారికి జ్ఞాపకం బాగానే ఉందే” అన్నారు. అప్పట్నుంచి అందరికీ మామ్మగారే. మన భాషలో ఇదో సుఖం, వరస కలిపేస్తే ఇక దేనితోనూ పనుండదు.

కాగితం మీది పై గళ్లు ఆఫీసువాళ్లు ముందే నింపి ఉంచారు. నేరుగా ప్రశ్నల్లోకి దిగాం. ఏ సంవత్సరమంటే 1987 అంది. నెల తప్పింది. ఊరు చెప్పింది. మూడు మాటలు చెప్పి మళ్లీ చెప్పమంటే గబగబా అప్పజెప్పింది. నూటిలోంచి ఏడేసి తీసేయమంటే 93, 86 అని ఆగి, “ఎంతసేపు తీసేస్తారమ్మా, ఏమన్నా మిగల్చండి” అంది. హాలు గొల్లుమంది. ఆ నవ్వులోనే, ఇందాకటి మూడు మాటలూ గుర్తున్నాయా అని అడిగాను. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

“కంగారు లేదు మామ్మగారూ, నిదానంగా గుర్తు చేసుకోండి” అన్నాను, మెత్తగా. ఆ మెత్తదనాన్ని కూడా నేర్చుకోండన్నట్టు నర్సుల వైపు ఒక చూపు చూశాను.

ఒక్కటీ రాలేదు.

చివర్లో కాగితం తిప్పి, “మీకు తోచిన వాక్యం ఏదైనా ఒకటి రాయండి” అన్నాను. దీనికి ఒక్క మార్కు. ఆవిడ కలం అందుకుని, మోచెయ్యి బల్ల మీద ఆనించి, పక్కనెవరూ లేనట్టు నెమ్మదిగా రాసింది. తలకట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. మూడే మాటలు. నేను మార్కు వేయడానికి చూశాను. కర్త ఉండాలి, క్రియ ఉండాలి, అర్థం ఉండాలి, అదీ నియమం. కాగితం పైకెత్తి, “ఇందులో క్రియ ఉందా?” అని అడిగాను.

“లేదు మేడమ్” అన్నారంతా.

వెనక వరసలోంచి ఒక ఎం.ఎల్.హెచ్.పి. అమ్మాయి సగం లేచి, “కానీ మేడమ్, తెలుగులో అది...” అంది.

“జాలి వేరు, స్కోరింగ్ వేరు” అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. మొత్తం 17. అందరూ 17 అని రాసుకున్నారు.

సాయంత్రం మళ్లీ కార్లో నేనే దింపడానికి బయల్దేరాను. దారి పొడుగునా ఆవిడ కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుతూనే ఉంది. రైల్వే గేటు పడి కారు ఆగాక, ఉన్నట్టుండి, “క్రియారహిత వాక్యం” అంది.

“ఏంటి మామ్మగారూ?”

“క్రియ లేకపోయినా వాక్యమేనమ్మా. ‘రాముడు మంచి బాలుడు.’ హైస్కూల్లో ఎన్నేళ్లు చెప్పానో.”

“అయ్యో, మీరు తెలుగు టీచరా!”

“మీరు అడగలేదుగా.”

నాకు నవ్వొచ్చింది. సిగ్గూ వేసింది, కాదనను. అయినా అదేమీ పెద్ద నష్టంగా తోచలేదు. 17ని 18 చేస్తే సరి. పైగా వచ్చే శిక్షణలో చెప్పుకోవడానికి మంచి కథ దొరికింది. ఎక్కడ ఆగాలో కూడా అప్పుడే అనుకున్నాను.

ఆశ్రమం గేటు దగ్గర ఆయా వచ్చి ఆవిడను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. వాచ్‌మన్ రిజిస్టరు నా ముందుకు జరిపాడు. తేదీ రాశాను. టైము రాశాను. నా పేరు రాసి సంతకం పెట్టాను. తర్వాతి గడి, ‘ఎవరిని తీసుకొచ్చారు’.

పెన్ను ఆగిపోయింది.

వాచ్‌మన్ కాసేపు చూశాడు. పెద్దాయన, మర్యాదస్తుడు.

“పేరు గుర్తు రావడం లేదా మేడమ్? కంగారు లేదు, నిదానంగా గుర్తు చేసుకోండి” అన్నాడు.

ఫైలు తెరిచాను. పై గడిలో టైపు చేసి ఉంది, ‘డెమో పేషెంట్–1’. కాగితం తిప్పాను. గుండ్రటి అక్షరాల్లో ఆ మూడు మాటలు. మొదటి రెండూ, ‘నా పేరు’. మూడోదాని పక్కన, ఎర్ర సిరాతో నేను చుట్టిన సున్నా.