పట్నం చూసిన చేతికర్ర

నాది వెదురు పుట్టుక. మేదరి చేతిలో కాగి, వంగి, పైన పిడి తిరిగి, అడుగున ఇనుప పొన్ను పడ్డాక చేతికర్రనయ్యాను. కొమురవెల్లి మల్లన్న జాతరలో తోటి కర్రలతో కలిపి కట్టగట్టి నిలబెట్టి ఉంటే తాత వచ్చి, ఒక్కొక్కదాన్నీ నేలకు తాటించి చెవొగ్గి విన్నాడు. లోపల పగులుంటే చప్పుడులోనే తెలిసిపోతుంది. చివరికి నన్ను తీసుకున్నాడు. అప్పటికే ఆయన మోకాలు చెడింది. పొలం గట్టు మీద జారి పడ్డ నాటి నుంచి కుడికాలు మీద బరువు పెట్టలేడు. ఆ బరువు నాది.

మా ఊరు ములుగు. ఆ పేరు చెప్పగానే మేడారం జాతర దగ్గరిదా అని అడుగుతారు. కాదు, మాది సిద్దిపేట జిల్లా ములుగు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద, ఒంటిమామిడి దాటగానే వస్తుంది. అటవీ కాలేజీ, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం మా దగ్గరే ఉన్నాయి. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చెట్టూ చేమా చదువుకుంటున్నారు. ఊళ్లోవాళ్లకు మాత్రం కూరగాయలే బతుకు. టమాట, బీర, బీన్స్, కొత్తిమీర కోసి ఒంటిమామిడి మార్కెట్‌కు తీసుకుపోతే అక్కడి నుంచి బండ్లకెక్కి పట్నం చేరతాయి.

హైదరాబాద్‌ను మావాళ్లు పట్నం అనే అంటారు. అవ్వ పెండ్లయి ఈ ఊరికొచ్చిన నాటి నుంచి ఆమె చేతి కూరగాయలు ఆ పట్నం తింటూనే ఉంది. ఆమె మాత్రం పట్నం చూసింది లేదు. చూడలేదంటే పోలేదని కాదు. పెద్దకొడుక్కు కామెర్లయినప్పుడు పోయింది, తాత మోకాలికి పోయింది, కాగితమేదో కావాలంటే ఆఫీసుకు పోయి మెట్ల మీద కూర్చుని వచ్చింది. చీకటితో బస్సెక్కుడు, దవాఖానల చీటీ కోసం నిలబడుడు, పొద్దుగూకినంక వచ్చుడు. నేను పోయింది కూడా అట్లాగే. దవాఖాన గచ్చు ఎంత నున్నగా ఉంటుందో, తడి గుడ్డ పెట్టాక ఎంత జారుతుందో నాకు బాగా తెలుసు. పట్నంలో గోపురాలున్నాయి, చెరువులున్నాయి, రాజులు కట్టిన కోటలున్నాయి అని వినడమే. పనిలేకుండా, రోగం లేకుండా, ఊరికే చూడడానికి పట్నం పోవచ్చన్న ఆలోచనే మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆ ఆలోచన అవ్వకు రావడానికి ఒక కారణముంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. మొదట్లో అవ్వ తోటి కూలోళ్లతో కలిసి వర్గల్ సరస్వతమ్మ గుడికి పోయింది, తర్వాత యాదగిరిగుట్టకు పోయింది. ఈ పథకం మీద జనం రకరకాలుగా మాట్లాడుకుంటారు. నేను ఇంట్లో గోడకు ఆనుకుని చూసింది చెప్తున్నాను. అంతకుముందు అవ్వ ఎక్కడికి పోవాలన్నా మొదట తాత ముఖం చూసేది, తర్వాత బియ్యం డబ్బాలో దాచిన పైసలు చూసేది. ఇప్పుడు పొద్దున లేచి, “పోయొస్త” అంటుంది. మిగిలిన టికెట్ పైసల కంటే ఆ ఒక్క మాట పెద్దదని నేను నమ్ముతాను.

“ఏందయ్యా, పట్నం జూసొద్దాం పా” అని ఒక రాత్రి అన్నది.

“గిప్పుడేం రోగమొచ్చిందే?” అన్నాడు తాత. పట్నమంటే ఆయనకు తోచింది అదే.

“రోగం లేదు గనకనే పోదామంటున్న.”

అట్లా బయలుదేరాం. బస్సులో తాతకు టికెట్, అవ్వకు జీరో టికెట్. నేను సీట్ల మధ్య నిలబడి బస్సు అదురు మొత్తం ఒంటికి పట్టించుకున్నాను. ఒంటిమామిడి మార్కెట్ వెనకబడింది, తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీల అద్దాల కట్టడాలు వచ్చాయి, శామీర్‌పేట చెరువు కనపడగానే అవ్వ కిటికీ జరిపింది. హకీంపేట, అల్వాల్, కార్ఖానా దాటి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగాం. పట్నంలో కొలువు చేసే మనవరాలు మాకోసం నిలబడి ఉంది.

అక్కడే మెట్రో ఎక్కించింది. కదిలే మెట్లను చూసి తాత ఆగిపోతే లిఫ్టు దగ్గరికి తీసుకుపోయింది. ఆ స్టేషన్‌లో నాకొక ఆనందం దొరికింది. నేల మీద పసుపుపచ్చ పలకలు, వాటి మీద ఉబ్బెత్తు గీతలు. గీతలున్నచోట నడవాలి, బొడిపెలున్నచోట ఆగాలి. చూపు లేనివాళ్లకు దారి చెప్పడానికి వేశారట. అంటే కర్రతో చదువుకునేందుకు వేసిన అక్షరాలు అవి. ఇంత పెద్ద పట్నంలో నాలాంటివాళ్లను తలుచుకుని ఎవరో నేల పరిచారంటే నా వెదురు పులకరించింది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా ఆ మార్గం 11 కిలోమీటర్లు, 2020 ఫిబ్రవరిలో తెరిచారు. ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడల ఇళ్ల కప్పుల మీద ఆరేసిన బట్టలు చూస్తూ అవ్వ, “పట్నపోళ్లు గూడ బట్టలుతుక్కుంటరు” అన్నది సంబురంగా. చుట్టరికం కలిసినట్టుంది ఆ గొంతులో.

మూసీ ఒడ్డున దిగాం. ఉస్మానియా దవాఖాన వెనక ఒక చింతచెట్టు ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం కన్నా ముందు దాన్ని చూపించాలని మనవరాలు పట్టుబట్టింది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చి పట్నం అతలాకుతలమైనప్పుడు, ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు నూటయాభై మంది బతికారట. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. తాత నన్ను పక్కకు ఆనించి రెండు చేతులూ జోడించాడు. నేనూ చెట్టు జాతివాణ్నే కదా, నాకూ దండం పెట్టాలనిపించింది. ఒక్క మనిషి బరువు మోస్తేనే నా పొన్ను అరిగిపోతోంది. అది నూటయాభై మందిని, వాళ్ల భయంతో సహా, వరద నీటిలో మోసింది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంచి కౌంటర్లో పెట్టమన్నారు, నన్ను తాత చేతిలోనే ఉంచారు. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగు చేసిన వస్తువులు. 1951లో ఆయన నివాసం దివాన్‌దేవిడీలోనే నెహ్రూ ఈ మ్యూజియం తెరిచారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. మేలిముసుగు రెబెక్కా దగ్గర జనం గుంపు. ఇటలీ శిల్పి బెంజోనీ చలువరాతిలో చెక్కిన ఆ ముసుగు వెనక ముఖం నిజంగానే కనిపిస్తుంది. తాత మాత్రం ఇంకో బొమ్మ దగ్గర నిలబడిపోయాడు. ముందు నుంచి చూస్తే నిక్కిన మగవాడు మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో చూస్తే తల వంచిన ఆడపిల్ల మార్గరెటా. రెండూ ఒకే మొద్దులో చెక్కినవి. తాత ఆ అద్దం వంక చూడనేలేదు. ఇద్దరి మధ్య అతుకు ఎక్కడుందో వెతికాడు. కట్టె కొట్టిన చేతులాయనవి, కట్టె మాట దాచదని తెలుసు. పక్క నుంచి, కింద నుంచి, మెడ వంచి చూసి, “అతుకు లేదు బిడ్డా, ఒక్కటే మొద్దు” అని మనవరాలికి చెప్పాడు. అది అక్కడ బోర్డు మీద రాసే ఉంది. కానీ తాత చదివి చెప్పలేదు, చూసి చెప్పాడు.

అక్కడే నా జాతి కనపడింది. అద్దాల వెనక వరసగా చేతికర్రలు. చెక్కడపు పిడులు, నగిషీలు. ఎంత అందంగా ఉన్నాయో! ఒక్కదానికీ మట్టి అంటి లేదు. వాటిని పట్టిన అరచేతులు ఎప్పుడో పోయాయి. ఆ చేతుల చెమట కూడా తుడిచేసి భద్రం చేశారు. నాకు అసూయ కలగలేదు, దిగులు కలిగింది. చేతి వేడి లేని చేతికర్రకు ఎంత నగిషీ ఉన్నా చలేస్తుంది. తాత పిడి మీద చేయి బిగించాడు. ఆయనకూ అదే తోచిందో, మోకాలు లాగిందో.

పన్నెండు గంటలు కొట్టే వేళకు అందరూ గడియారం ముందు చేరారు. కుక్ అండ్ కెల్వీ వాళ్ల సంగీత గడియారం. గంటకు ముందు ఒక గడ్డపాయన తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి పోతాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవ్వ చూపు మాత్రం అదే గడియారంలో క్షణక్షణానికీ సుత్తి దెబ్బ వేస్తుండే ఇంకో బొమ్మ మీద నిలిచింది. “అందరు గా గడ్డపాయన్ని జూస్తున్నరు గని, పని జేసేది ఈయన” అన్నది. పొద్దంతా నడుము వంచి కలుపు తీసిన మనిషికి ఆ బొమ్మ వెంటనే తెలిసింది.

ఇక చార్మినార్. ఆటో దిగి పత్తర్‌గట్టి వైపు నుంచి నడిచాం. చుట్టూ బండ్లు రాకుండా ఆపి రాతి పలకలు పరిచారు. నాకు సుఖంగా ఉంది. మా వయసువాళ్లకు కావలసింది ఇంకొకటుంది, కూర్చునే చోటు. ఈ పట్నంలో చూసే చోట్లకు కొదవ లేదు, చూస్తూ చూస్తూ నడుము వాల్చే అరుగులే తక్కువ. ముసలివాళ్లు ఊళ్లు తిరగరని ఎవరనుకున్నారో! ప్రతి వంద అడుగులకూ ఒక అరుగు వేస్తే ఎంతమంది తాతలు, అవ్వలు ఈ దారులు తొక్కుతారో చెప్పలేం.

మెట్ల దగ్గర తాత నిలిచిపోయాడు. మినార్ లోపల చుట్టూ తిరుగుతూ పోయే ఇరుకు మెట్లు, ఒక్కో మెట్టు ఎత్తు. పైదాకా 149 మెట్లంటారు, చూడవచ్చినవాళ్లను మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. “నాతోని గాదు. మీరు పోయి రాండ్రి” అన్నాడు తాత. అవ్వ ఆయన ముఖం చూసింది, మెట్ల వంక చూసింది. తర్వాత చేయి చాచి, “కట్టె ఇటియ్యి” అన్నది.

ఆమె చేతిలోకి పోవడం నాకదే మొదలు. తాత పిడి మీద అరచేయి మోపి బరువంతా వేస్తాడు. అవ్వ పిడి పట్టలేదు, పిడి కింద గట్టిగా గుప్పిట బిగించింది. కొడవలి పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్లు. నన్ను ఊతగా వాడలేదు. ముందు నన్ను పై మెట్టు మీద నాటింది, తర్వాత తాను ఎక్కింది. చీకటి. రాయి నడుమ అరిగి నున్నబడింది. నా పొన్ను జారబోతే గోడ వారకు జరిపింది. పై నుంచి దిగేవాళ్లు ఒత్తిగిలి తొవ్వ ఇచ్చారు. ఒకామె, “మెల్లగ, అవ్వా” అన్నది. మలుపు దగ్గర వెలుగు పడినచోట ఆగి ఊపిరి పీల్చుకుని, “ఇంకెన్ని బిడ్డా?” అని మాత్రం అవ్వ అడగలేదు.

పైన గాలి కొట్టింది. నాలుగు దిక్కులకు నాలుగు కమానులు, నాలుగు దారులు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త పట్నం కడుతూ నట్టనడుమ నిలబెట్టిన కట్టడమని మనవరాలు చెప్పింది. గడియారాలు కూడా ఆయనే పెట్టాడా అని అవ్వ అడిగితే, అవి 1889లో వచ్చాయన్నది. నైరుతిన మక్కా మసీదు, పడమటికి లాడ్‌బజార్ గాజుల మెరుపు.

“మన ములుగు ఎటు?” అన్నది అవ్వ.

మనవరాలు ఉత్తరం దిక్కు చేయి చూపింది. గుల్జార్‌హౌజ్ మీదుగా జనంలో కలిసిపోయే దారి. అవ్వ చాలాసేపు అటే చూసింది. “మన టమాట గీ తొవ్వనే వస్తదా?”

“బోయిన్‌పల్లి మార్కెట్ దాకొస్తది నానమ్మా. ఆడికెల్లి ఏ గల్లీకి పోతదో ఎవలకెరుక?”

“గింతమందికి బువ్వలకు కూరైతున్నది గదా” అన్నది అవ్వ. ఆ గొంతులో గర్వం లేదు. ఇన్నేండ్లుగా గంపలెత్తి ఎవరికి పంపుతున్నదో ఇవాళ ముఖాలు చూసింది. నా దృష్టిలో చార్మినార్ మీదికెక్కి చూడవలసింది అదే. తెల్లవారుజామున ఒంటిమామిడిలో ధర పలకక గంపలు తిరిగి మోసుకొచ్చే రైతులందరినీ ఒక్కసారి ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలి. కూరగాయలు కొనేవాళ్లను ఒక్కసారి మా పొలం గట్ల మీద నిలబెట్టాలి.

అప్పుడు కింద తెల్ల రుమాలు చుట్టుకున్న తాత కనిపించాడు. కంటికి చేయి అడ్డం పెట్టుకుని పైకే చూస్తున్నాడు. అవ్వ నన్ను పైకెత్తి ఊపింది. నా బతుకంతా నేల మీదే గడిచింది. ఒక మనిషి సంతోషం చెప్పడానికి ఆకాశంలోకి లేచింది ఆ ఒక్కసారే. కింద తాత కూడా రుమాలు విప్పి ఊపాడు.

దిగాక లాడ్‌బజార్‌లో అవ్వ లక్కగాజులు కొనుక్కున్నది, బేరం ఆడి మరీ. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనవరాలు చెప్తే, “వాళ్ల చేతులు సల్లగుండ” అన్నది. సాయంత్రం ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయిలో చెక్కిన విగ్రహం. 1990 మార్చిలో పడవ మీద తెస్తుండగా నీటిలో పడిపోయింది, మనుషులూ చనిపోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి 1992 డిసెంబర్‌లో లేచి నిలబడ్డది. తాతకు ఈ కథ బాగా పట్టింది. “పడి లేసినోడు” అని రెండుసార్లు అన్నాడు.

తిరుగు బస్సులో కండక్టర్ జీరో టికెట్ చింపి ఇస్తూ, “ఏడికి పోయొస్తున్నవవ్వా, దవాఖానకా?” అని అడిగాడు.

“చార్మినార్ ఎక్కొస్తున్న” అన్నది అవ్వ, బస్సంతా వినపడేటట్టు.

ముందు సీటులోని ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. ఎట్లుంది, ఎన్ని మెట్లు, ముసలోళ్లెక్కుతరా అని అడగడం మొదలుపెట్టారు. అల్వాల్ దాటేసరికి ఆషాఢంలో గోల్కొండ పోవాలని ఖాయమైంది. బోనాలు మొదలయ్యేదే అక్కడ, గుట్ట మీది జగదంబ గుడికి. కింద కోట దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందట, అది చూడాలి. రామదాసు చెర చూడాలి. తాతనూ రమ్మన్నారు.

“గుట్ట నేనెక్కలేను గని, దర్వాజ కాడ నిలబడి సప్పట్లు కొడ్త. మీరు పైనుంచి ఇనుండ్రి” అన్నాడు తాత.

“మరి కట్టె ఎవలకు?” అన్నది అవ్వ.

తాత నన్ను దగ్గరికి లాక్కున్నాడు. “నాకు. నువ్వు కొమురవెల్లిల ఇంకోటి కొనుక్కో. నేలకు తాటిచ్చి, ఇని కొను.”