తాత చొక్కా తొడుక్కున్న మనవడు

పోయిన సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నించి ఒక్కడే రాలేదు. వాడి వెనకాల ఒక లారీ వచ్చింది. అందులో తుప్పు పట్టిన పాత సీజే-3బీ జీపు బాడీ ఒకటి. దాని పక్కన, ఏదో యాక్సిడెంటులో పైభాగం నుజ్జయిపోయి కింద చెక్కుచెదరని మొదటి తరం థార్ ఛాసిస్, ఇంజనుతో సహా. "తాతయ్యా, ఆ బాడీని ఈ ఛాసిస్ మీద కూర్చోబెట్టాలి. నువ్వు పక్కన కూర్చుని చెబితే చాలు" అన్నాడు. నలభై ఏళ్ళు నర్సీపట్నంలో జీపుల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. డెబ్భై ఎనిమిదో ఏట ఈ ముచ్చట కూడా చూడాలని రాసిపెట్టి ఉంది కాబోలు.

మా రోజుల్లో ఈ పని తలకిందులుగా జరిగేది. పాడయ్యేది బాడీ, నిలిచేది ఛాసిస్. చింతపల్లి సంతకి చింతపండూ పసుపూ ఎక్కించుకుని, వాటి మీద మనుషుల్ని ఎక్కించుకుని, బంపరు మీద ఇద్దర్ని నిలబెట్టుకుని లంబసింగి ఘాటీ ఎక్కే జీపుకి రేకు ఎన్నాళ్ళు ఆగుతుంది? డ్రైవరు కాళ్ళ కింద మొదట చిల్లు పడేది. అందులోంచి రోడ్డు కనిపించేది. యుద్ధకాలపు విల్లీస్ జీపులకైతే ఇంకో జబ్బు. నేల రేకుకి అడుగున వేసిన దూలాల్లో అమెరికావాడు చెక్క దూర్చి పంపాడు. అది వాన నీళ్ళు పీల్చుకుని లోపల్లోపలే రేకుని తినేసేది. పైకి రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, అడుగున వేలు పెడితే వేలు లోపలికి పోతుంది. అలాంటి బాడీని ఊడదీసి పారేసి, 18 గేజి రేకు తెచ్చి, టింకరు మేస్త్రీ కొయ్య సుత్తితో కొత్తది కొట్టి ఇచ్చేవాడు. ఛాసిస్ అదే, ఆర్సీ అదే, నంబరు అదే. బండికి కొత్త చొక్కా కుట్టించాం, అంతే. 1982లో ఎన్టీ రామారావుగారు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం కూడా పాత షెవర్లే వ్యానుకి పైరూపు మార్చిందే కదా. అప్పుడు జనం బారులు తీరి చూశారు గానీ, పాత బాడీని తీసుకెళ్ళి కొత్త ఛాసిస్‌కి తొడుగుదామని ఎవడికీ బుద్ధి పుట్టలేదు.

ఇప్పుడు పుట్టింది. చర్మం పాతది కావాలట, ఎముకలు కొత్తవి కావాలట. ముఖం చూస్తే 1955 మోడలులా ఉండాలి, స్టీరింగు చూపుడు వేలితో తిరగాలి.

సరే, పాత మంచం వేయించుకుని కూర్చున్నాను. "ముందు టేపు తియ్యి" అన్నాను. వాడు ఫోను తీశాడు. ఫోనులో ఏదో బొమ్మ గీసుకుని వచ్చాడు, బాడీ ఛాసిస్ మీద చక్కగా కూర్చున్నట్టు ఉంది. బొమ్మలో అన్నీ కూర్చుంటాయి నాయనా.

సీజే-3బీకి ముందు ఇరుసు నించి వెనక ఇరుసుకి 80 అంగుళాలు. వాడు తెచ్చిన థార్‌కి 2430 మిల్లీమీటర్లు. మన లెక్కలో 96కి వెంట్రుకవాసి తక్కువ. అంటే దాదాపు 16 అంగుళాల తేడా. బాడీని ముందు చక్రాలకి సరిచేసి పెడితే వెనక చక్రం మడ్‌గార్డు దాటి ఎక్కడో పోయి నిలబడుతుంది. వెడల్పు సంగతి ఇంకో గోల. పాత జీపుకి చక్రాల మధ్య ఎడం నాలుగడుగులు. కొత్తదానికి ముందు చక్రాలు చెరో బెత్తెడు పైనే బయటికి పొడుచుకొచ్చాయి. తాత చొక్కా తొడుక్కున్న మనవడిలా ఉంది. భుజాల దగ్గర పిగులుతోంది, చేతులు బయటికి వచ్చేశాయి.

"ఛాసిస్ మధ్యలో కోసి 16 అంగుళాలు తీసేస్తే?" అన్నాడు. వాడితో వచ్చిన వెల్డరు కుర్రాడు అప్పటికే గ్రైండరుకి డిస్కు బిగిస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. ఛాసిస్ కోయడం అంటే గుమ్మడికాయ కోయడం కాదు. అడ్డంగా తిన్నగా కోసి అతికితే అదే గీత మీద ఎప్పుడో ఒకనాడు విరుగుతుంది. ఏటవాలుగా కోయాలి, లోపలొక పట్టీ, బయటొక పట్టీ వేసి కట్టాలి, ఆ వేడికి ఇనుము వంగకుండా చూసుకోవాలి. అతుకు పావు అంగుళం పక్కకి పోయిందా, బండి ఎండ్రకాయలా రోడ్డు మీద పక్కవాటుగా నడుస్తుంది. ఇంతా చేశాక ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిదవుతుంది. పొట్టిదైతే వాలు పెరుగుతుంది, షాఫ్ట్ కీళ్ళలోని క్రాసులు అరుగుతాయి, సీటు కింద వణుకు మొదలవుతుంది. దాన్ని మళ్ళీ బ్యాలెన్సు చేయించాలి. హ్యాండ్ బ్రేకు తీగలు, డీజిలు పైపులు, వైరింగు, అన్నీ మిగిలిపోతాయి, అన్నీ మడత పెట్టి ఎక్కడో దాచాలి.

"ఛాసిస్ జోలికి పోకండి. రేకు మీ ఇష్టం" అన్నాను. అలా తేలింది. కోసేది బాడీనే. వెనక మడ్‌గార్డుకి ముందు నిలువుగా విడదీసి, మధ్యలో 16 అంగుళాల కొత్త రేకు కలపాలి.

ఇక కూర్చోబెట్టడం. మా రోజుల్లో బండిని దిమ్మల మీద ఎత్తి, రసమట్టం పెట్టి చూసి, గుండు దారం వేలాడదీసి, మూల నించి మూలకి అటూ ఇటూ తాడు లాగేవాళ్ళం. రెండు తాళ్ళూ ఒకటే పొడుగు వస్తేనే చదరం కుదిరినట్టు. ఈ పిల్లలు ఎర్ర గీత పడే లైటు తెచ్చారు. గీత తిన్నగానే పడింది, ఒప్పుకుంటాను. కానీ నేల వాలుగా ఉందన్న సంగతి లైటు చెప్పలేదు, నేను చెప్పాల్సి వచ్చింది.

పాత జీపు ఛాసిస్ సన్నటిది. ఒక చక్రం గుంటలో దిగితే అది కాస్త మెలితిరిగేది, పైన బాడీ కూడా దాంతోపాటు ఒదిగేది. ఆలూమగలన్నట్టు కాపురం చేసేవి రెండూ. కొత్తది బిగుసుకుని ఉంటుంది. బోల్టు కన్నాలు ఒక్కటీ పాత బాడీ కన్నాలకి ఎదురు రావు. కొత్త బ్రాకెట్లు అతకాలి, ప్రతిచోటా రబ్బరు బుష్ పడాలి. రబ్బరు లేకుండా ఇనుము మీద ఇనుము పెట్టి బిగించారంటే మూడు నెలల్లో బోల్టు చుట్టూ రేకు చిరుగుతుంది. ఈ మాట వెల్డరు కుర్రాడికి మూడుసార్లు చెప్పాను. వాడి చెవుల్లో పాటల వైర్లున్నాయి.

ఒక్క సంగతి మాత్రం కలిసొచ్చింది, ఎత్తు బానెట్టు. పాత ఇంజనులో ఇంటేక్ వాల్వులు పైకెక్కడంతో ఇంజను ఎత్తు పెరిగింది, దానికోసం విల్లీస్ వాళ్ళు బానెట్టు లేపారు. ఆ రోజుల్లో అందరూ చూసి నవ్వారు, కప్ప నోరులా ఉందని. ఈ రోజు ఆ ఎత్తులోనే 105 గుర్రాల డీజిలు ఇంజను దూరిపోయింది. స్టీరింగు రాడ్డుకి మాత్రం పాత కన్నం పనికిరాలేదు, ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్య ఉన్న రేకులో కొత్త కన్నం కొట్టాం.

"వింటేజి జీపు అయిపోయింది తాతయ్యా" అన్నాడు మనవడు మురిసిపోతూ. ఏమిట్రా వింటేజి? 2021లో కేంద్రం రాసిన నిబంధనల ప్రకారం వింటేజి బండి అంటే యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపం చెడకూడదు. ఇరవై వేలు కడితే వీఏ అని నంబరు ఇస్తారు. దీని నంబరు ఛాసిస్ మీద గుద్ది ఉంది. ఆ ఛాసిస్‌కి పదేళ్ళు. కాగితం మీద ఇది పదేళ్ళ థార్, కంటికి తాతల నాటి జీపు. పైగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా బండి మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని. బ్రేక్ ఇన్‌స్పెక్టరు రోడ్డు మీద ఆపితే ముఖం చూపిస్తావా, నంబరు చూపిస్తావా? మా రోజుల్లో ఆయన కాగితం మీద పెన్సిలు రుద్ది ఛాసిస్ నంబరు అచ్చు తీసుకుంటే, దాంట్లో బండి జాతకమంతా ఉండేది.

వాడు ఊరుకోలేదు. "మరి పెట్రోలు జీపులకి మీరు ట్రాక్టరు ఇంజన్లు ఎక్కించలేదా? నాన్న చెప్పాడు" అన్నాడు.

ఎక్కించాం. పెట్రోలు తాగే జీపుని ఏజెన్సీలో ఎవడు మేపగలడు? అది కడుపు కోసం చేసిన పని. ఇది ఫొటో కోసం చేస్తున్న పని. అన్నాను గానీ, అనేటప్పుడు గొంతు కాస్త తగ్గిందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఇంకోటి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. లంబసింగి దిగేటప్పుడు పాత జీపు బ్రేకులు వేడెక్కి, పెడలు నేలకి ఆని, బ్రేకన్నదే లేకుండా పోయేది. సెకండు గేరులో పడేసి దేవుణ్ణి తలుచుకునేవాళ్ళం. అందుకే క్లీనరు చేతిలో ఎప్పుడూ ఒక రాయి ఉండేది. బండి ఆగుతుందనగానే దూకి చక్రం కింద పెట్టాలి. ఆ రాయి వెయ్యడం ఒక్క క్షణం ఆలస్యమై నా ఎడమ చేతి చిటికెన వేలు పోయింది. ఈ కొత్త ఛాసిస్‌కి ముందు డిస్కు బ్రేకులున్నాయి. తొక్కాను. ఆగింది. రాయి అక్కర్లేదు.

రోడ్డెక్కించనని, మా జీడితోటలోనే తిప్పుకుంటానని మాటిచ్చాడు. ఎక్కి కూర్చోమన్నాడు, ఫొటో తీస్తానన్నాడు. అలవాటు కొద్దీ ముందు డ్రైవరు సీటు ఎత్తి చూశాను. పాత జీపుకి ట్యాంకు అక్కడే కదా, డ్రైవరు జీవితమంతా పెట్రోలు మీదే కూర్చునేవాడు. ఇప్పుడు ట్యాంకు వెనక్కి పోయింది. దాని చోట నల్లటి డబ్బా ఒకటి, బోలెడు వైర్లు. అది ఇంజను కంప్యూటరట. దాని మీద నీళ్ళు పడకూడదట.

బండికి తలుపుల్లేవు. పైకప్పు గుడ్డ. ముందు అద్దం బానెట్టు మీదికి పడుకుంటుంది.

"ఒరేయ్, మన ఊళ్ళో వానలు జూన్‌లో మొదలవుతాయి" అన్నాను.