ఉడత మీద బ్రహ్మాస్త్రం

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు కొనాల్సినవన్నీ కొనేశారు. ఫ్రిస్కోలో ఐదు పడగ్గదుల ఇల్లయింది, గరాజ్‌లో టెస్లా అయింది, పెరట్లో గ్రిల్లయింది, ఆ గ్రిల్లు తడవకుండా ఓ తొడుగు కూడా అయింది. ఇక మిగిలింది తుపాకీ. టెక్సాస్‌లో కాపురం పెట్టి తుపాకీ కొనకపోవడం, సంక్రాంతికి భీమవరం వెళ్ళి కోడిపందెం చూడకుండా తిరిగొచ్చినంత నామోషీ. అందుకని మనవాడు కూడా తీర్మానించుకున్నాడు. పెద్దది కాదు సుమండీ, చిన్నదే. .22 రింఫైర్ రైఫిలు. "చిన్నా చితకా జంతువుల వేటకీ, గురి ప్రాక్టీసుకీ" అని ఇంట్లో చెప్పాడు. ఏ జంతువులని ఆవిడ అడగలేదు. అడిగినా ఆయన దగ్గర జవాబు లేదు. చేపల కౌంటర్లో తల నరుకుతుంటే అటు తిరిగి ఫోన్ చూసుకునే మనిషి.

వేట సంగతి తర్వాత, ముందు ఎంపిక. ఎంపిక అంటే మనవాడికి ఎక్సెల్ షీటు. పెళ్ళి సంబంధాలప్పుడు మొదలెట్టిన షీటే, పేర్లు మారుస్తూ ఇప్పటిదాకా లాక్కొస్తున్నాడు. ఈసారి అందులోకి రూగర్ 10/22, సీజెడ్ 457, సావేజ్ మార్క్ 2, మార్లిన్ 60 వచ్చి కూర్చున్నాయి. వాటికెదురుగా ధర, బరువు, కచ్చితత్వం, అప్‌గ్రేడ్ అవకాశాలు, చివర్న రీసేల్ విలువ. రైఫిలు మడమ తన చేతి పొడవుకి సరిపోతుందా, భుజానికి ఆనించి చెంప వాలిస్తే కన్ను తిన్నగా గురికి వస్తోందా, ట్రిగ్గరు గరగరా సాగుతోందా లేక ఒక్క చోట మెత్తగా తెగుతోందా అన్నవాటికి మాత్రం కాలమ్ లేదు. అవి తేలాలంటే కొట్టుకి వెళ్ళి దాన్ని చేత్తో పట్టుకోవాలి మరి.

చివరికి ఓ శనివారం వెళ్ళాడు. కౌంటర్ వెనక తల నెరిసిన పెద్దాయన. "దేన్ని కొట్టడానికి?" అని అడిగాడు. మనవాడు టార్గెట్లన్నాడు, స్మాల్ గేమ్ అన్నాడు, ఎందుకైనా మంచిదని పోటీలు కూడా అన్నాడు. పెద్దాయన అలమరలోంచి ఓ సాదా బోల్ట్ యాక్షన్ తీసి చేతిలో పెట్టాడు. "దీనితో, దీని మీదున్న ఇనప సైట్లతోనే ఓ వెయ్యి గుళ్ళు కాల్చి రా. అప్పుడు నీకేం కావాలో నువ్వే చెబుతావు" అన్నాడు. అంతకన్నా మంచి సలహా ఆ ఊళ్ళో దొరకదు. మనవాడు కార్లో కూర్చుని ఆ కొట్టుకి ఒక్క చుక్క రేటింగిచ్చి, వెరైటీ చూపించడం లేదని రాశాడు.

అసలీ .22 లాంగ్ రైఫిల్ తూటా ఎంతని? గుండు బరువు రెండున్నర గ్రాములు. 1887 నుంచీ ఉంది. దీని నిప్పుమందు మధ్యలో ఉండదు, ఇత్తడి గొట్టం అడుగున అంచు మడతలో ఉంటుంది. సూది వచ్చి ఆ అంచుని నొక్కితే పేలుతుంది. భుజాన్ని తన్నదు, జేబుని కోయదు. అమెరికా పల్లెల్లో పిల్లలు తాత పక్కన నిలబడి మొదట నేర్చుకునేది దీనితోనే. దీనికి కావలసిందల్లా ఒక మామూలు రైఫిలు, నాలుగైదు రకాల తూటాలు, వెనక మట్టిగట్టున్న చోటు, బోలెడన్ని తీరిక రోజులు. డబ్బుతో వచ్చేవి మనవాడు తెచ్చేశాడు. నాలుగోది అమెజాన్‌లో లేదట.

పెద్దాయన చూపించింది వదిలేసి రూగర్ 10/22 తెచ్చుకున్నాడు. మంచి రైఫిలే, కాదనను. 1964 నుంచి అమ్ముడవుతోంది. పది గుళ్ళు పట్టే ఆ చక్రాల మ్యాగజైన్ లోపలికి ఒదిగిపోయి చేతికి అడ్డు రాదు. అలాగే ఉంచి కాల్చుకుంటే మనవలకి కూడా పనికొస్తుంది. కానీ దానికున్న శాపం ఒకటే, దాని ప్రతి భాగానికీ బజార్లో ఇంకో భాగం దొరుకుతుంది. మొదటి నెల ట్రిగ్గరు మారింది. తర్వాత లావుపాటి బ్యారెల్ వచ్చింది, ఆ బ్యారెల్ పాత కర్రలో పట్టక కొత్త స్టాకు వచ్చింది, కొత్త స్టాకుకి పట్టాలున్నాయి గనక వాటి మీద బిగించడానికి లైటు, లేజరు, రెండు కాళ్ళ బైపాడు వచ్చాయి. ఇప్పుడు రూగర్ వాళ్ళు చేసింది అందులో నడిమి డొక్క ఒక్కటే. కొన్న ధర కంటే మార్చిన ధర మూడింతలు. దాన్ని భుజాన వేసుకుని నిలబడితే మనవాడు ఏదో దేశాన్ని విముక్తి చెయ్యడానికి బయల్దేరినట్టుంటాడు. ఉడత గనక చూసిందంటే గుండాగి చస్తుంది. తూటా ఖర్చు మిగులు.

ఇక స్కోపు. స్కోపు లేకుండా కాల్చడం మనవాడికి కెమెరా లేని ఫోను కొన్నంత సిగ్గు. జింకల వేటకి వాడే బాగా పెద్దది తెచ్చాడు. అలాంటి మామూలు స్కోపులకి, కన్ను జరిగినా గుర్తు జరగకుండా, తయారీలోనే వంద గజాల దగ్గర సరిచేసి ఇస్తారు. రింఫైర్ కోసం చేసినవైతే యాభై గజాల దగ్గర. ఈ తేడా ఏముందిలే అనుకున్నాడు. పాతిక గజాల్లో చెట్టుమీదున్న ఉడతకి దీంతో గురి పెడితే, కన్ను కాస్త పక్కకి జరిగేసరికి ప్లస్సు గుర్తు కూడా పక్కకి జరుగుతుంది. పైగా అంత పెద్దగా చూపించేసరికి గాజు నిండా బూడిదరంగు బొచ్చే. అది ఉడత వీపో, పొరుగింటి పిల్లి తోకో చెప్పడానికి వేటగాడి అనుభవం కావాలి. నాలుగు రెట్ల చిన్న స్కోపుతో అయిపోయే పని. కానీ నాలుగు రెట్లంటే వాట్సాప్ గ్రూపులో ఏం గౌరవం?

వేగం మీద మోజు ఇంకో కథ. పెట్టె మీద "హైపర్" అని కనిపిస్తే చాలు, మనవాడి చెయ్యి అటే పోతుంది. మెల్లగా పోయే తూటాని పైసలు తక్కువై కొంటారని ఆయన నమ్మకం. ఒలింపిక్స్‌లో కొట్టేవాళ్ళు వాడేది ఆ మెల్లగా పోయేదే నాయనా. సెకనుకి సుమారు 325 మీటర్లు, శబ్దవేగానికి కాస్త కింద. వేగంగా బయల్దేరిన గుండు దారిలో నెమ్మదిస్తూ శబ్దవేగం గీతని దాటేటప్పుడు తడబడుతుంది; గాలి పక్కనుంచి వీస్తే, చదువుకున్నవాళ్ళు కూడా నమ్మరు గానీ, మెల్లగా పోయేదానికన్నా ఎక్కువ పక్కకి కొట్టుకుపోతుంది. వేటలో దగ్గర్నుంచి కొట్టేటప్పుడు వేగం పనికొస్తుంది, సరే. కాగితం మీద పది కావాలంటే పనికొచ్చేది ఓపిక. ఈ ముక్క చెబితే మనవాడు తల ఊపి, 2002లో వచ్చిన .17 హెచ్ఎమ్ఆర్ గురించి అడిగాడు. అది దీనికి రెట్టింపు వేగం. తూటా ఖరీదూ ఆ దామాషాలోనే. ఉడత మీద సరైన చోట తగలకపోతే వండుకోడానికి తోకే మిగులుతుంది.

2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచిన రోజు మన గ్రూపులో జెండాల వర్షం కురిసింది. కొల్హాపూర్ వైపు కుర్రాడు, అప్పటికి రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగం. ఆ పోటీలో పది పాయింట్ల వృత్తం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. మోకాలి మీద కూర్చుని, పడుకుని, నిలబడి దాన్ని కొట్టాలి. వాడే తూటా మనవాడి గరాజ్‌లో డబ్బాలకొద్దీ ఉన్న ఆ .22 జాతిదే. అయితే ఆ స్థాయి షూటర్లు తూటాల్ని అందంగా ఉన్న డబ్బా చూసి ఎత్తుకురారు. ఒకే కంపెనీ, ఒకే రకం అయినా, ఒక్కో లాటు ఒక్కో గొట్టానికి పడుతుంది, ఇంకోదానికి పడదు. అందుకని కంపెనీ వాళ్ళ రేంజికే రైఫిలు పట్టుకెళ్ళి, బిగించి, లాటు తర్వాత లాటు కాల్చి చూసి, పడ్డ లాటునే పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. ఇదే పని చిన్నగా ఎవరైనా చేసుకోవచ్చు. నాలుగు రకాల డబ్బాలు తెచ్చి, యాభై గజాల్లో కాగితం పెట్టి, రకానికి ఐదేసి గుళ్ళు కొన్నిసార్లు కొట్టి చూస్తే రైఫిలే చెబుతుంది తనకేది ఇష్టమో. సగం పూట పని. మనవాడు ఆ సగం పూటా యూట్యూబ్‌లో ఇంకొకడు కొడుతుంటే చూశాడు.

తూటాలు కొనడంలో ఒక్కదాంట్లో మాత్రం మనవాళ్ళని ఎవరూ మించలేరు, అది కరువు భయం. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపిందనగానే సోనా మసూరి కోసం ఇక్కడి దుకాణాల్లో ఎలా ఎగబడ్డారో చూశాం. అంతకు పదేళ్ళ ముందు, తుపాకుల చట్టాలు మారతాయన్న భయంతో అమెరికావాళ్ళు .22 తూటాల మీద అలాగే పడి, దేశమంతా అలమరలు ఖాళీ చేశారు. ఇప్పుడు మన గరాజ్‌లో రెండు సంస్కృతులూ కలిశాయి: ఈ పక్క బస్తాలు, ఆ పక్క డబ్బాలు. బస్తాలైనా తరుగుతున్నాయి.

వేట మాటెత్తితే మనవాడు తాతగారి దగ్గర మొదలెడతాడు. ఏజెన్సీలో పులిని కొట్టారట. ప్రతి తెలుగింట్లోనూ ఒక తాత పులిని కొట్టాడు. కొట్టిన పులుల లెక్క నిజమైతే తూర్పు కనుమల్లో మనుషులకి చోటుండేది కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడక్కడ కుందేలుని కొట్టినా కేసే. ఇక్కడ టెక్సాస్‌లో కుందేలుకి సీజన్ లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. లైసెన్సు మాత్రం ఉండాలి. ఉడతకైతే ప్రాంతాన్ని బట్టి సీజన్లు, లెక్కలు. మనవాడు ఆ పుస్తకం తెరవలేదు. ఇంటి పెరట్లోనే కొట్టేద్దామా అని ఒక్కసారి ఆలోచించాడు. ఊరి పరిధిలో పేల్చకూడదని ఆవిడే గుర్తు చేసింది. ఆవిడ గుర్తు చేయని సంగతి ఇంకోటుంది: బొమ్మ తుపాకీలా కనిపించే ఈ .22 గుండు, గురి తప్పి పైకి పోతే మైలున్నర దూరం పోగలదు. గట్టి నేల మీదా నీళ్ళ మీదా పడితే ఎగిరి పక్కకి దూకుతుంది. మైలున్నరలో ఆ పేటలో రెండు బళ్ళూ ఒక హనుమంతుడి గుడీ ఉన్నాయి. పోనీ ఇంట్లోనైనా తాళం వేశాడా అంటే, బీరువాలో పట్టుచీరల కింద దాచాడు. గుళ్ళు నింపిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి అందితే ఈ రాష్ట్రంలో నేరం. ఆ బీరువా తాళం ఎక్కడుంటుందో ఎనిమిదేళ్ళ చిన్నాడికి బాగా తెలుసు, చాక్లెట్లూ అక్కడే ఉంటాయి.

ఇంతకీ హెచ్-1బీ మీదున్న మనిషికి తుపాకీ ఎలా వచ్చిందని మీరడగాలి. ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసాల వాళ్ళ చేతిలో తుపాకీ ఉండకూడదు. కానీ ఆ చట్టంలోనే ఒక కిటికీ ఉంది: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సుంటే చాలు. కొట్లో నింపే 4473 ఫారంలో ఆ మినహాయింపు అడుగుతారు, మనవాడు లైసెన్సు చూపించాడు. పాతిక డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వేటగాళ్ళు పాఠం నేర్చుకుని పరీక్ష రాయాలి. దానికి కూడా ఇంకో పది డాలర్లు కట్టి ఒకసారికి వాయిదా పుచ్చుకున్నాడు. అలా జీవహింస చూడలేని ఆ మనిషి, చట్టం దృష్టిలో, ఉడతల పాలిటి యముడు. ఆ లైసెన్సు పుట్టించిన దగ్గర్నుంచీ ఒక్క ఉడతా భయపడలేదన్నది వేరే సంగతి.

చిక్కల్లా ఆ కాగితానికి ఆయుష్షు ఎంతన్నది. ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో సరి. సెప్టెంబరు తెల్లారేసరికి కొత్తది లేకపోతే, ఇంకే మినహాయింపూ లేని వీసావాడి ఇంట్లో ఆ పట్టుచీరల కిందున్నది ఫెడరల్ నేరం. 2022లో చట్టం మార్చాక గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. వీసా పొడిగింపుకి ఆర్నెల్ల ముందు నుంచే లాయరుకి మెయిళ్ళు కొట్టేవాడు, ఐ-797 కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాంకు లాకర్లో దాచేవాడు, ఈ కాగితం ఏదయ్యా అంటే పర్సులో వెతికాడు, కారు సొరుగులో వెతికాడు, "ఒకసారి కొన్నాక మళ్ళీ కొనాలా?" అన్నాడు. కొనాలి. కొత్త ఏడాదివి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు, గాలాలమ్మే కౌంటర్లోనే, ఐదు నిమిషాల పని. అయితే ఆ రోజు ఆయనకి కుదరదు. సంఘం వాళ్ళ జెండావందనంలో మైకు ఆయనదే.