మై లార్డ్, ఉక్కపోస్తోంది!

ఇంగ్లిష్ చానల్‌లోని సార్క్ దీవిలో మధ్యయుగాల ప్రభువుల పాలన 2008 దాకా సాగింది. ఆ ఏడాది డిసెంబరులో ఓట్లు పడ్డాయి, పాత పద్ధతి పోయింది.

చెన్నై ప్యారీస్ కార్నర్ పక్కన, మద్రాసు హైకోర్టులో మాత్రం ‘మై లార్డ్’ ఇంకా మోగుతూనే ఉంది. ‘యువర్ ఆనర్’ చాలని బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది. తనను ‘మై లార్డ్’ అని పిలవొద్దని జస్టిస్ కె.చంద్రు ఈ కోర్టులోనే లాయర్లను కోరారు. అయినా నాలుక వినదే!

వేసవిలో లాయర్లకు నల్లకోటు తప్పనిసరి కాదనే నిబంధన ఉంది. అది కింది కోర్టులకే, హైకోర్టుకు వర్తించదు. ఎండ కూడా హోదా చూసి కాస్తుంది కాబోలు.

మద్రాసు రాష్ట్రం 1948 చట్టంతో జమీందారీలను రద్దు చేసింది. ఎస్టేట్లున్న దొరలు అలా పోయారు. సెంటు భూమైనా అడగని కోర్టు దొరలకు మాత్రం రోజూ ఉదయం దండాలు అందుతూనే ఉన్నాయి.