గడప దగ్గర ఆగే జాతి

నేనొక టైరు చెప్పుల జతను. ఇంటి లోపలి సంగతులు మా జాతికి తెలియవు. మనిషిని గడప దాకా తెచ్చి, అక్కడ ఆగిపోతాం. అతను లోపలికి పోతాడు, మేం బయట అతని కోసం కాచుకుని ఉంటాం. అందుకే గడపల గురించి చెప్పే హక్కు మాకు ఉందనుకుంటాను. పైగా నేను పుట్టిన జిల్లా పేరులోనే గడప ఉంది. తిరుమలకు పోయే యాత్రికులు ముందు దేవుని కడపలో మొక్కుకుని పోయేవాళ్ళు. ఏడుకొండలవాడి ఇంటికి అది గడప, ఆ గడపే కడప అయిందని మా పెద్దలు చెబుతారు.

చెప్పులు కాకముందు నేను లారీ టైరును. ఎర్రగుంట్ల వైపు గనుల్లో తీసిన కడప బండలను మోసుకుని ఏళ్ళ తరబడి రోడ్లమీద తిరిగాను. గీతలన్నీ అరిగి నున్నబడ్డాక నన్ను పక్కన పడేశారు. వల్లూరులో వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే ముసలాయన నన్ను తెచ్చుకున్నాడు. కత్తిని నీళ్ళలో తడిపి తడిపి కోశాడు. అట్ట మీద పాదం గీత గీసి, పట్టీలు బిగించి, మేకులు కొట్టాడు. "ఇవి నీ కాళ్ళ కన్నా గట్టివిరా అబ్బీ" అంటూ నన్ను ఒక కుర్రవాడి ముందు పెట్టాడు. ఆ రోజు నుంచి అతనే మావాడు.

వల్లూరు ఇప్పుడు చిన్న మండల కేంద్రమే గాని, 13వ శతాబ్దంలో కాయస్థ ప్రభువు అంబదేవుడికి రాజధాని. ఆ మండలంలోనే పెన్న ఒడ్డున పుష్పగిరి ఉంది. ఊరు ఒక గట్టున, చెన్నకేశవస్వామి కొండ అవతలి గట్టున. ఎండాకాలం ఇసుకలో నడిచి దాటేవాళ్ళం. నీళ్ళు పారే రోజుల్లో మావాడు పంచె ఎగగట్టి, నన్ను చేత పట్టుకుని దాటేవాడు. నేను చూసిన మొదటి రేవు అదే. అక్కడ ఓడ లేదు, జెట్టీ లేదు. పాదాలూ, పారే నీళ్ళూ, అవతల దేవుడూ, అంతే.

మావాడి అవ్వకు ఒక పట్టు ఉండేది. ఎవరు ఇంటికి వచ్చినా ముందు వాళ్ళ కాళ్ళు చూసేది. ఒకసారి అప్పు వసూలుకు వచ్చినాయన చెప్పులతోనే నడవలోకి అడుగు పెట్టాడు. ఆయన పోయినాక అవ్వ మావాడితో అంది: "చెప్పులిడిసి వచ్చేటోడే చుట్టం, అబ్బీ. ఇడవకుండా వచ్చేటోడు ఏమో తీసకపోను వచ్చినట్టు."

మావాడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. కరేబియన్‌కు పోయే విహార నౌకల్లో ఉద్యోగాలున్నాయని విన్నాడు. మొదట ఒక ఏజెంటు డబ్బు తీసుకుని కనబడకుండా పోయాడు. చెనిక్కాయ అమ్మిన డబ్బు అది. వాళ్ళ నాయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. రెండో ప్రయత్నం చెన్నైలో కలిసొచ్చింది. మంటలు ఆర్పడం, నీళ్ళలో ప్రాణం నిలుపుకోవడం నేర్పే శిక్షణలు, వైద్య పరీక్షలు, సీడీసీ అనే నావికుల పుస్తకం, అమెరికా వీసా. అన్నీ చేతికొచ్చాక పెట్టె సర్దుకున్నాడు. నన్ను పాత పేపరులో చుట్టి అడుగున పెట్టాడు. అలా మయామీ చేరాను.

ఓడలో అతనికి లాండ్రీలో పని. కిటికీ లేని కింది అంతస్తులో వేల దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి ఆరబెట్టి మడత పెట్టాలి. పనిలో ముందువైపు మూసిన బూట్లు తప్పనిసరి. నేను అతని మంచం కిందే ఉండేదాన్ని. రేవు వచ్చిన రోజున, పని లేని రెండు మూడు గంటలు దొరికితే నన్ను తొడుక్కునేవాడు. కాబట్టి సముద్రం నాకు తెలియదు. నాకు తెలిసినవి రేవులు.

మొదట దిగింది బహామాస్‌లోని నసావులో. ఆ రేవుకు ఎదురుగా పారడైజ్ ఐలాండ్ అడ్డుగా పడుకుని ఉంటుంది, బయటి అలలు లోపలికి రావు. 2023లో కొత్త రూపం వచ్చిన ఆ రేవులో ఆరు ఓడలు ఒకేసారి నిలబడగలవు. తెల్లవారేసరికి స్థానిక పైలట్ చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కుతాడు. ఆ నీళ్ళ లోతులూ మలుపులూ అతనికి తెలుసు. ముందుభాగంలో నీటి కింద అడ్డంగా తిరిగే మరలు ఓడను పక్కకు నెడతాయి. ఓడ మీదినుంచి ముందు ఒక సన్నని తాడు విసురుతారు. గట్టుమీది మనిషి దాన్ని పట్టి లాగితే, దాని వెంట మనిషి చేయంత లావు మోకు వస్తుంది. దాన్ని ఇనుప గుంజకు తగిలిస్తారు. ఊరంత ఓడ ఒడ్డుకు కట్టుబడడం ఒక సన్నతాడుతోనే మొదలవుతుంది.

దిగగానే నేను చూసింది జెట్టీ అంచు. ఓడకూ కాంక్రీటుకూ మధ్య పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలు. కొంచెం అవతల, చిన్న పడవల గట్టున, పాత లారీ టైర్లు వరుసగా వేలాడుతున్నాయి. అవి నా వాళ్ళు. ఓడ ఒక్కొక్కసారి ఊగి గట్టుమీదికి వస్తుంది, ఆ దెబ్బను టైరు తనలోకి తీసుకుంటుంది. ఓడకు గీత పడదు, గట్టు పగలదు. రెండు బరువులు కలిసే చోట మధ్యలో ఒకరు నలగాలి. లాండ్రీలో పన్నెండోసారి వేడి దుప్పట్లు ఎత్తే మావాడి చేతులు నాకు ఆ టైర్లను చూసినప్పుడు గుర్తొచ్చాయి.

సెయింట్ థామస్ దీవిలోని షార్లెట్ అమాలీ రేవుకు నెలలో రెండుసార్లు పోయేవాళ్ళం. అక్కడ హేవన్‌సైట్ అని ఒక జెట్టీ, క్రౌన్ బే అని ఇంకొకటి. ఒకప్పుడు డెన్మార్క్‌వాళ్ళ గిడ్డంగులుగా ఉన్న రాతి కట్టడాల్లో ఇప్పుడు వజ్రాలు, గడియారాలు, బంగారం అమ్ముతారు. అంగళ్ళ ముందు సింధీ వ్యాపారులు నిలబడి పిలుస్తుంటే, మావాడు ప్రొద్దుటూరు బంగారు బజారులో నడుస్తున్నట్టే ఉందన్నాడు. ఆవిరి ఓడల కాలంలో ఈ రేవుకు ఓడలు వచ్చేది బొగ్గు కోసం. ఆ బొగ్గును గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని, పలకల మీద నడిచి ఓడల్లోకి మోసింది ఆడవాళ్ళు. విలువ పడిపోయిన వెండి నాణేలతో కూలి ఇస్తుంటే, 1892లో వాళ్ళు గంపలు దించి వీధుల్లోకి వచ్చారు. వాళ్ళకు ముందు నడిచినామెను ఈనాటికీ క్వీన్ కొజాయా అని తలుచుకుంటారు. 1917లో డెన్మార్క్ ఆ దీవుల్ని రెండున్నర కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. రేవు మాత్రం బరువు మోసేవాళ్ళ మీదే నడుస్తూ వచ్చింది.

యాత్రికుల పాదాలను నేను దగ్గరగా చూశాను. ఉదయం ఎనిమిదింటికి తెల్లని బూట్లు, పూల చెప్పులు గుంపుగా దిగుతాయి. సాయంత్రం ఐదుకల్లా ఓడ ఎక్కాలి. గేటు బయట టాక్సీవాళ్ళు, జడలు అల్లే ఆడవాళ్ళు, కొబ్బరిబోండాలు కొట్టేవాళ్ళు ఆ తొమ్మిది గంటల కోసం ఎదురుచూస్తుంటారు. 2020 మార్చిలో మహమ్మారికి ఓడలు ఆగిపోయినప్పుడు ఇక్కడ నెలల తరబడి ఎవరి పాదమూ పడలేదని ఒక టాక్సీ డ్రైవరు మావాడికి చెప్పాడు. గడపకు ఎవరూ రాకపోతే ఇల్లు ఎంత చిన్నబోతుందో నాకు తెలుసు.

నేను చెప్పాలనుకున్న అసలు రేవు గ్వాడెలూప్‌లోని పాయింట్-ఆ-పిత్ర్. అది ఫ్రెంచివాళ్ళ దీవి. అక్కడ ఓడ దిగితే నేరుగా ఊరి నడిబొడ్డులోనే ఉంటాం. నాలుగు అడుగులు వేస్తే సెయింట్ ఆంట్వాన్ మార్కెట్. మావాడు లోపలికి పోయి ఉన్నట్టుండి ఆగిపోయాడు. పసుపు, ధనియాలు, ఆవాలు, జీలకర్ర కలిసిన వాసన. కడప పసుపు యార్డు పక్కన నడిచినట్టు. ఏందిదని సైగలతో అడిగితే, తలకు గళ్ళ గుడ్డ చుట్టుకున్న అమ్మ "కొలొంబో" అంది. ఆ దీవిలో ఇంటింటా వండే మసాలా కూర అది. ఆమె తలగుడ్డను చూపి "మద్రాస్" అంది. ఆ గళ్ళ రుమాళ్ళు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి పోయినవే. చీరాల వైపు, పులికాట్ వైపు మగ్గాల మీద మన నేతగాళ్ళు నేసిన సరుకు. ఇప్పుడు ఆ గళ్ళే ఆ దీవుల పండగ బట్ట.

బట్ట వెనకే మనుషులూ పోయారు. ఫ్రెంచి దీవుల్లో 1848లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ‘ఒరెలీ’ అనే ఓడ 1853 మేలో మార్టినిక్‌కూ, 1854 డిసెంబరులో గ్వాడెలూప్‌కూ మూడేసి వందల మందికి పైగా మనవాళ్ళను చేర్చింది. 1889 దాకా గ్వాడెలూప్‌కు నలభై వేల మందికి పైగా వచ్చారు. పుదుచ్చేరి, కారైకాల్, మద్రాసు రేవుల్లో ఎక్కినవాళ్ళలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. మధ్యలో 1876-78 నాటి ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి పల్లెల్ని ఖాళీ చేసింది. కడుపు కాలినవాడికి ఏ రేవైనా ఒకటే. ఐదేళ్ళ ఒప్పందం, ఆ తర్వాత తిరిగి పంపుతామనే మాట. కొందరు తిరిగి వచ్చారు. చాలామంది ఆ మట్టిలోనే కలిసిపోయారు. వాళ్ళ పిల్లలకు అక్కడి పౌరులుగా గుర్తింపు లేకపోతే, కపెస్టెర్‌లో పుట్టిన హెన్రీ సిదంబరోమ్ 1904లో కోర్టుకెక్కి 1923 దాకా పోరాడి సాధించాడు.

ఆ రోజు ఓడ రాత్రి దాకా ఆగింది. మార్కెట్లో ఆ అమ్మ మావాడి మొహం చూసి ఒక ఊరి పేరు కాగితం మీద రాసిచ్చింది. బస్సెక్కి, అరటితోటల మధ్య గంట సేపు పోయి, కపెస్టెర్-బెల్-ఓ దగ్గర షాంజీ అనే చోట దిగాం. రోడ్డు పక్కన రంగురంగుల దేవతా విగ్రహాలతో గుడి. ఎవరి గుడి అంటే "మాలియెమిన్" అన్నారు. మావాడు ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. మారెమ్మ. మా పల్లెల్లో జాతర చేసే మారెమ్మే. వాళ్ళూ మొక్కులు మొక్కుతారు, వాళ్ళూ మేకను బలిస్తారు.

మావాడు గడప దగ్గర నన్ను విడిచాడు. నా పక్కన ఒక జత క్రీడాబూట్లు, ఒక జత ఎత్తు మడమల చెప్పులు, చిన్నపిల్లల రబ్బరు చెప్పులు మూడు జతలు, తోటపని బురద ఆరిన బూట్లు ఒక జత. అందరూ ఫ్రెంచి, క్రియోల్ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ నోట తెలుగు లేదు, తమిళమూ కొద్దిగా పాటల్లో మిగిలింది. అయినా ఎవరూ చెప్పనక్కర లేకుండా, గడప దగ్గరికి రాగానే వంగి కాళ్ళు ఖాళీ చేసుకుని లోపలికి పోతున్నారు.

అక్కడ నాకొక సంగతి తెలిసింది. ఓడ దిగిననాడు వాళ్ళ ముత్తాతల్లో చెప్పులున్న కాళ్ళు తక్కువే. విడవడానికి చెప్పుల్లేకపోయినా, విడిచే అలవాటును ఓడలో తెచ్చుకున్నారు. పేరు పలుకు మారింది, భాష పోయింది, ఊరి దారి పోయింది. ఆ అలవాటు నూట డెబ్బై ఏళ్ళు నిలబడి, చెప్పులు వచ్చేదాకా కాచుకుని ఉంది. ఇన్ని రేవులు తిరిగిన నేను, చుట్టపుచూపుగా దిగింది అక్కడొక్కచోటే.

తొమ్మిది నెలల ఒప్పందం ముగిసి వల్లూరు వచ్చాం. ఇప్పుడు మన ఒడ్డునా అలాంటి గడప లేచింది. విశాఖ రేవులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన విహార నౌకల టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. అంతకు ముందు ఏడాది జూన్‌లో విశాఖకు వచ్చిన ‘ఎంప్రెస్’ ఓడ, 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో మయామీ నుంచి నసావుకు తిరిగినదే. ఆ ఓడ మన దాకా వచ్చిందంటే తానూ ఒకనాడు విశాఖలో పని చేయవచ్చని మావాడి ఆశ. రేపు అక్కడ దిగే పాదాలను మన టాక్సీవాళ్ళూ, మన నేతగాళ్ళూ ఎదురుచూస్తారు. వచ్చినవాళ్ళు చుట్టాల్లా రావాలని, మోసేవాళ్ళ కూలి సరిగా దక్కాలని నా కోరిక.

ఇంటికొచ్చిన రోజు మావాడు కడప బండ మెట్టు మీద నన్ను విడిచి లోపలికి పోయాడు. అవ్వ గడప మీదే కూర్చుని అన్ని దేశాల సంగతులూ విన్నది. ఓడ ఎంత పెద్దదని అడగలేదు, జీతం ఎంతని అడగలేదు. నన్ను చేతిలోకి తీసుకుని, అరిగిన మేకుల మీద బొటనవేలు తిప్పుతూ అడిగింది.

"ఆ దీవిలో వాళ్ళు గుడికాడ చెప్పులిడుస్తారంట్రా?"

"ఇడుస్తారవ్వా."

"అట్లయితే మనోళ్ళే," అని నన్ను మెట్టు మీద జతగా, సరిగ్గా సర్ది పెట్టింది.