అప్పుడప్పుడూ హీటెక్కే బండికి వైద్యం

రోజూ హీటెక్కే బండిలో మజా లేదు, రోగం ఇట్టే దొరికిపోతుంది. ఎప్పుడో ఒకసారి ముల్లు సగం దాటి పైకి పోయి, మీరు బండి పక్కకు తీసేలోపు ఏమీ ఎరగనట్టు దిగిపోతోందా? అదృష్టవంతులు. ఇలా చెయ్యండి.

మొట్టమొదట, ఎప్పుడు ఎక్కిందో గుర్తుపెట్టుకోవద్దు. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎక్కి, హైవే మీద గాలి తగలగానే దిగిందని గుర్తుంటే చిక్కే. నిలబడ్డ బండికి గాలి కొట్టేది ఫ్యాన్ ఒక్కటే కాబట్టి, అనుమానం తిన్నగా దాని మోటారు, రిలే, ఫ్యూజుల మీదికి పోతుంది. చాలా బళ్లలో ఏసీ వేస్తే ఆ ఫ్యాన్ తిరగాలి. తిరగలేదా, రెండు నిమిషాల్లో కథ కంచికి. అదే శ్రీశైలం ఘాట్‌లోనో, హైవే మీద వందలో పోతుంటేనో ఎక్కితే దారి వేరు: రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు, వాటర్ పంపు నీరసించి ఉండొచ్చు, ఎనభై తొంభై డిగ్రీల మధ్య తెరుచుకోవాల్సిన థర్మోస్టాట్ సగంలో బిగుసుకుని ఉండొచ్చు. ఈ తేడా రాసుకోవడానికి ఒక పెన్ను చాలు. అందుకే కారులో పెన్ను ఉంచకండి.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, కూలెంట్ డబ్బా మీద రెండు గీతల మధ్య మట్టం ఎక్కడుందో చూడకండి. తగ్గిందనిపిస్తే బోరు నీళ్లు పొయ్యండి. రేడియేటర్ సన్న గొట్టాల్లో సున్నం పేరుకోవాలంటే డిస్టిల్డ్ వాటర్ పనికిరాదు. కింద చుక్క కారకుండానే మట్టం తగ్గుతూ, పొగగొట్టంలోంచి తెల్లటి తియ్యవాసన పొగ వస్తుంటే అగరుబత్తీ అనుకోండి. హెడ్ గ్యాస్కెట్ అని ఎవరైనా అంటే వాళ్లతో మాట్లాడ్డం మానెయ్యండి.

(వేళాకోళం పక్కనపెట్టి ఒక్క మాట. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు, మూత కదలగానే ఆవిరై మొహం మీదికి తంతాయి.)

ఇక బావగారి సలహా. “థర్మోస్టాట్ పీకించేయ్ బావా, అది చలి దేశాలకి” అంటారాయన. తప్పక వినండి. ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు రోగం మాత్రం రోహిణి కార్తె దాకా దాక్కుంటుంది. బావగారు చెప్పని సంగతి, రేడియేటర్‌కీ దాని ముందున్న ఏసీ కండెన్సర్‌కీ నడుమ పురుగులు, బురద, పాలిథీన్ కవరు ఇరుక్కుని ఉండొచ్చు. టార్చి వేసి చూస్తే ఖర్చు లేకుండా పోతుంది, కాబట్టి చూడకండి.

చివరికి షెడ్డుకి వెళ్లినా ఏ రోడ్డు మీద, ఏసీ ఉండగానా లేకుండానా ఎక్కిందో మెకానిక్‌కి చెప్పకండి. చెబితే ఖరీదైన సామాను జోలికి పోకుండా రిలే మార్చి పంపించేస్తాడు.