నీకెవ్వరు తెల్వరా?

హైదరాబాద్‌లో క్రికెట్ మ్యాచ్‌కు టికెట్ కొన్నానని ఎవరికీ చెప్పకండి. చెప్పి నేను చెడ్డాను.

శాలిబండలో మేం రోజూ కూర్చునే ఇరానీ హోటల్లో, చాయ్ సాసర్‌లోకి ఒంపుకుంటూ నోరు జారాను. "ఆదివారం ఉప్పల్ పోతున్న. టికెట్ దొరికింది." బల్ల చుట్టూ ఉన్న నలుగురూ గౌరవంగానే చూశారు. "ఎవరిచ్చిన్రు?" అన్నాడు ఆటో నడిపే భాయ్.

"ఎవరూ ఇయ్యలే. కొన్న."

ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో విరిగి మునిగిపోయినప్పుడు ఎంత నిశ్శబ్దం వస్తుందో అంత నిశ్శబ్దం. "పైసల్ వెట్టి?" అన్నాడు ఇంకొకాయన, తాను విన్నది నిజమేనా అన్నట్టు. "పైసల్ వెట్టే." భాయ్ నా భుజం మీద చెయ్యేశాడు, ఇంట్లో ఎవరో పోయినవాణ్ణి పలకరించినట్టు. "కైకు మియా... నీకెవ్వరు తెల్వరా?"

అప్పుడు తెలిసొచ్చింది. వేరే ఊళ్ళలో టికెట్ అంటే లోపలికి పోవడానికి ఒక కాగితం. మన ఊళ్ళో అది ఒప్పుకోలు పత్రం. నాకు ఎస్సై తెలియడు, కార్పొరేటర్ తెలియడు, ఏ లీగు క్లబ్బు సెక్రటరీకీ నేను మేనల్లుణ్ణి కాను, కరెంటాఫీసులో లైన్‌మన్ కూడా నన్ను గుర్తుపట్టడు అని రాసి సంతకం పెట్టి, పైగా జీఎస్టీ కట్టడం. లైన్‌మన్‌ని తక్కువ చేసి అనలేదు. 2024 ఏప్రిల్లో చెన్నైతో మ్యాచ్ రేపనగా, కోటిన్నరకు పైగా బకాయి ఉందని కరెంటోళ్ళు ఉప్పల్ స్టేడియానికి ఫ్యూజు పీకారు. ఆ పూట ఊరు మొత్తమ్మీద అందరికంటే పెద్ద వీఐపీ ఎవరో మీరే ఆలోచించుకోండి.

ఇంతకీ ఆ టికెట్ కొన్న వైనం. పొద్దున పదకొండుకు అమ్మకం. పదిన్నరకే నా ఫోను, మా ఆవిడ ఫోను, అమీర్‌పేటలో బావమరిది ఫోను, మూడూ తెరిచి కూర్చున్నాం. పదకొండు కొట్టగానే నా ఫోనులో ఒక చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగి చెప్పింది కదా, మీ ముందు లక్షా పదహారు వేల మంది ఉన్నారని. చివర పదహారు ఉంది కాబట్టి శుభసంఖ్యే. కానీ ఉప్పల్లో పట్టేది సుమారు 39 వేల మంది. మిగతావాళ్ళను ఎక్కడ కూర్చోబెడతారో, మూసీ ఒడ్డున షామియానా వేస్తారేమో అనుకుంటూ ఓపిగ్గా చూశాను. నా వంతు వచ్చేసరికి చవక స్టాండ్లన్నీ బూడిదరంగులోకి మారిపోయాయి. మిగిలినవి నా కిరాణా ఖాతాతో పోటీపడే ధరలవి. పక్కన ఒక గడియారం, ఏడు నిమిషాల్లో డబ్బు కట్టకపోతే నీ సీటు నీది కాదని. నిఖా కుదిరేటప్పుడు కూడా ఇంత తొందర పెట్టరు.

కట్టాను. కట్టేముందు చివర్న ఒక చిన్న గీత: కన్వీనియెన్స్ ఫీజు. ఎవరి కన్వీనియెన్సో రాయలేదు.

ఇక పన్ను సంగతి. మొన్నటిదాకా ఐపీఎల్ టికెట్‌పై జీఎస్టీ 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. వెయ్యి రూపాయల టికెట్ ఇదివరకు 1,280కి వచ్చేది, ఇప్పుడు 1,400. అదే వరసలో ఎవరున్నారయ్యా అని చూస్తే కేసినోలు, రేస్ క్లబ్బులు. అంటే మా మలక్‌పేట గుర్రాలూ ఉప్పల్ కుర్రాళ్ళూ సర్కారు వారి కంటికి ఒక్కటే. గుర్తింపు పొందిన క్రీడా పోటీలకు మాత్రం టికెట్ 500 దాటితే 18 శాతం, లోపైతే అసలు లేదు. దేశం కోసం ఆడితే 18, ఊరి పేరు పెట్టుకుని ఆడితే 40. గుర్రాలవాళ్ళతో కలిపినందుకు నాకేం చిన్నతనం లేదు. గుర్రం మీద పెట్టిన వెయ్యి ఎప్పుడో ఒకప్పుడు రెండు వేలై రావచ్చు. స్టాండు మీద పెట్టిన వెయ్యికి ఆ బెంగ లేదు.

ఇదంతా ఆన్‌లైనే కదా, గడప దాటే పని లేదనుకునేరు. 2023 జనవరి 18న న్యూజిలాండ్‌తో వన్డే జరిగింది. శుభ్‌మన్ గిల్ 208 కొట్టాడు, మనం 12 పరుగులతో బయటపడ్డాం. దానికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్మారు. కొన్నాక ఆ ఫోను పట్టుకుని ఎల్బీ స్టేడియానికో గచ్చిబౌలికో పోయి, క్యూ కట్టి, కాగితం టికెట్ తీసుకోమన్నారు. ఆన్‌లైన్ క్యూలో నెగ్గినవాడికి బహుమతి ఆఫ్‌లైన్ క్యూలో చోటు. అయినా అది పురోగతే అని ఒప్పుకోవాలి, ఎందుకంటే అంతకు నాలుగు నెలల ముందు జింఖానా గ్రౌండ్స్ సంగతి ఊరు ఇంకా మరిచిపోలేదు.

2022 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాతో టీ20. ఉప్పల్లో అంతర్జాతీయ మ్యాచ్ పడి మూడేళ్ళు కావస్తోంది. ఆకలి మీదున్న ఊరు. 22న సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్‌లో కౌంటర్లు తెరిచి టికెట్లు అమ్ముతామన్నారు. తెల్లారకముందే జనం. కౌంటర్లో ఉన్నవి కొద్ది వేలు, గేటు బయట ఉన్నవాళ్ళు లెక్కకు అందరు. తోపులాట, తొక్కిసలాట, లాఠీలు. ఆడవాళ్ళూ కుర్రాళ్ళూ పలువురు గాయపడి ఆస్పత్రికి పోయారు. తర్వాత హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ (హెచ్‌సీఏ) మీద పోలీసు కేసులు పెట్టారు. తప్పు మాది కాదని వాళ్ళు, మాది కాదని వీళ్ళు. టికెట్ కోసం నిలబడ్డవాడిదే తప్పని పైకి ఎవరూ అనలేదు గానీ, అందరి మాటలూ కూడితే వచ్చే మొత్తం అదే. ఆదివారం మ్యాచ్ బ్రహ్మాండంగా జరిగింది. సూర్యకుమార్ 69, కోహ్లీ 63, ఆఖరి ఓవర్లో గెలుపు. మర్నాడు పేపర్లో సిక్సరు బొమ్మ వేశారు. గురువారం నాటి చెప్పుల కుప్ప బొమ్మ పాతబడిపోయింది.

అంచనా తప్పడంలో మనం ఒంటరివాళ్ళం కాదు. అమెరికాలో మా మేనల్లుడు ఉంటాడు, బేస్‌బాల్ పిచ్చి. వాడు చెప్పిన ముచ్చట. 1979 జూలై 12న షికాగో కొమిస్కీ పార్క్‌లో ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్ళకు 98 సెంట్లకే టికెట్ అన్నారు. ఆ రికార్డులన్నీ మైదానం మధ్యన పోగేసి పేల్చేస్తారట, అదీ ప్రచారం. ఇరవై వేల మంది వస్తే గొప్ప అనుకుంటే యాభై వేల దాకా వచ్చారు. పేలుడు తర్వాత జనం మైదానంలోకి దూకారు, ఆ రోజు ఆడాల్సిన రెండో ఆట ఆడకుండానే సొంతూరి జట్టు ఓడినట్టు ప్రకటించారు. వాళ్ళ దగ్గర జనం లోపలికొచ్చి విరగ్గొట్టారు. మన దగ్గర బయటే విరిగారు.

వాడే ఇంకో సంగతీ చెప్పాడు. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ వాళ్ళు కొన్ని సీట్లకు డైనమిక్ ప్రైసింగ్ అని మొదలెట్టారు. ఎవరొస్తున్నారు, వాన పడుతుందా, ఎంతమంది అడుగుతున్నారు అని చూసి రోజుకో రేటు. "మామయ్యా, ఇది పెద్ద ఆవిష్కారం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. లాడ్ బజార్‌లో ఏ గాజుల దుకాణానికైనా పోయి చూడరా అన్నాను. పెళ్ళి సామాను కొనే మొహమైతే ఒక రేటు, ఊరికే చూసే మొహమైతే ఒక రేటు, ఫారిన్ మొహమైతే ఇంకో రేటు. మనిషి నడక చూసి ధర కట్టడం మా చార్మినార్ నీడలో పుట్టిన శాస్త్రం. తేడా ఒక్కటే. లాడ్ బజార్‌లో నువ్వు వద్దని నాలుగడుగులు వేస్తే వెనక నుంచి "ఆవో బాజీ, ఆవో" అని ధర దిగివస్తుంది. ఫోనులో నాలుగు నిమిషాలు పక్కకు పోయొస్తే ధర మెట్లెక్కి కూర్చుంటుంది. బేరం లేని లాడ్ బజార్ ఎట్లుంటుందో ఊహించుకోండి, అది టికెట్ యాప్.

ఆఫర్లు లేవని కాదు. రెండు టికెట్లు కొంటే ఒక జెర్సీ ఉచితం అన్నారు ఒకసారి. ఇద్దరం పోతున్నాం, జెర్సీ ఒకటి. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయను. చివరికి అది ఆమెకు పొడవు, నాకు బిగువు అయింది. పైగా తొడుక్కున్నది నారింజ రంగు. చెన్నై ఆడే రోజు ఉప్పల్ స్టాండ్లు చూశారా? ధోనీ కోసం పసుపే పసుపు. బోనాలనాడు లాల్‌దర్వాజాలో కూడా అంత పసుపు కనపడదు. సొంతూళ్ళో సొంత జట్టు జెర్సీ వేసుకుని చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చోవాలి.

సరే, అసలు సంగతి పాసులు. 2025 మార్చిలో ఒక అపురూపమైన పోట్లాట బయటపడింది. ఒక పక్క మన ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్, ఒక పక్క హెచ్‌సీఏ. ఒప్పందం ప్రకారం అసోసియేషన్‌కు 3,900 కాంప్లిమెంటరీ పాసులు వెళ్తాయి. 39 వేల సీట్లలో పదో వంతు. సన్‌రైజర్స్ రాసిన లేఖ ప్రకారం చూస్తే, ఎఫ్12ఏ అనే బాక్సులో యాభై మంది పడతారని ఏళ్ళ తరబడి అనుకున్నారు. ఆ ఏడు అందులో పట్టేది ముప్పై మందే అని తేలింది. కాబట్టి ఇంకో ఇరవై పాసులు వేరే బాక్సులో కావాలన్నారట. ఇవ్వలేదని లక్నోతో మ్యాచ్ నాడు ఎఫ్3 బాక్సుకు తాళం వేశారట. ఇట్లయితే ఊరు విడిచిపోతామని జట్టు. అదంతా అబద్ధమని అసోసియేషన్.

ఇరవై పాసులు! ఇరవై మంది కోసం ఒక జట్టు ఊరు వదిలిపోతానంది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. జూలైలో సీఐడీ రంగంలోకి దిగి హెచ్‌సీఏ అధ్యక్షుడితో సహా ఐదుగురిని అరెస్టు చేసింది. ఆరోపణల్లో నిజమెంతో కోర్టు తేలుస్తుంది, అది నా పని కాదు. నా మనసుకు తగిలింది వేరే. ఇరుపక్షాల వాదనలూ పూసగుచ్చినట్టు చదివాను. కాంప్లిమెంటరీ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేను. పైసలు పెట్టి కొన్నవాడి ప్రస్తావన కోసం వెతికాను. రెండు సింహాలు మాంసం కోసం కొట్టుకుంటుంటే మేక తన పేరు పిలుస్తారేమోనని చెవులు రిక్కించినట్టు.

అదే ఏడాది ఏప్రిల్లో ఇంకో ముచ్చట. నార్త్ స్టాండుకున్న అజారుద్దీన్ పేరు తీసెయ్యాలని హెచ్‌సీఏ అంబుడ్స్‌మన్ ఆదేశం, టికెట్ల మీద కూడా ఆ పేరు అచ్చు వెయ్యొద్దని. హైకోర్టు ఆపింది. టికెట్ మీద ఏ పేరు ఉండాలన్నదానికి ఇంత న్యాయవిచారం జరిగిన ఊళ్ళో, టికెట్ ఎవరి చేతిలో ఉండాలన్నదానికి ఒక్క వాయిదా పడలేదు.

మా పాతబస్తీవాళ్ళకు ఇంకో దెబ్బ ఉంది, దూరం. క్రికెట్ ఫతే మైదాన్‌లో ఆడిన కాలంలో నయాపూల్ దాటి, అబిడ్స్ మీదుగా నడుచుకుంటూ పోయేవాళ్ళట మా నాన్నగారు. 1955లో న్యూజిలాండ్‌తో టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 కొట్టింది అక్కడే. 2005లో క్రికెట్ ఉప్పల్‌కు మకాం మార్చింది. అక్కడ మెట్రోకు స్టేడియం పేరుతో ఒక స్టేషనే ఉంది. మా వైపు మెట్రో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయింది. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు, పిల్లర్ల కోసం దుకాణాల మీద ఎర్రరంగు గీతలు వచ్చాయి. గీతలైతే మా దాకా వచ్చాయి, రైలు కూడా వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం క్రికెట్ బోర్డులకు పాతబస్తీయే పాఠం చెప్పింది. 2023 సెప్టెంబరు 28న గణేశ్ నిమజ్జనం, అదే రోజు మిలాద్. బాలాపూర్ గణేశుడు చార్మినార్ ముందు నుంచే పోవాలి. మా పెద్దలు కూర్చుని మాట్లాడుకుని మిలాద్ ఊరేగింపును అక్టోబరు ఒకటికి జరుపుకున్నారు. ఎవరూ లేఖలు రాసుకోలేదు, ఏ గల్లీకీ తాళం పడలేదు. క్రికెట్ మాత్రం మర్నాడు 29న పాకిస్తాన్, న్యూజిలాండ్ వరల్డ్ కప్ వార్మప్ మ్యాచ్ పెట్టుకుంది. బందోబస్తుకు పోలీసుల్లేరు. కాబట్టి ఖాళీ స్టేడియంలో ఆడించి, టికెట్ కొన్నవాళ్ళకు డబ్బు వాపసన్నారు. ఈ ఊళ్ళో టికెట్ కొన్నవాడికీ పాస్ ఉన్నవాడికీ సమాన హోదా దక్కిన మ్యాచ్ నాకు తెలిసి అదొక్కటే.

నా ఆదివారం గురించి అడుగుతారు. పోలేదు. శనివారం రాత్రి మా ఆవిడకు జ్వరం. టికెట్ భాయ్‌కి ఇచ్చేశాను, ఉత్తగనే. వాడు కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. "అరే, నీకు నేను తెలుసు కదా భాయ్" అన్నాను. ఆ మాట అనడంలో ఇంత సుఖముందని అప్పుడే తెలిసింది.

మందులు తెచ్చి ఇచ్చి, సాయంత్రం నేను హోటల్‌కు పోయాను. గోడ మీద టీవీ, కిక్కిరిసిన జనం. ఒక చాయ్‌కి పవర్‌ప్లే దాకా కూర్చోవచ్చు, తర్వాత రెండో చాయ్ చెప్పాలి, సేఠ్ గోడ మీద అట్టముక్క కట్టి రాసిపెట్టాడు. న్యాయంగానే ఉంది. చాయ్ పట్టుకుని చూస్తే టీవీకి ఎదురుగా, ఫ్యాను కింద, ఒక బల్ల పూర్తిగా ఖాళీ. నాలుగు కుర్చీలు. నేను అటు నడిచాను. పోరడు పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అక్కడ నక్కో సాబ్. కార్పొరేటర్ సాబ్ మనుషులొస్తరు."

మళ్ళీ నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అడిగాడు, "మీకు ఆయన తెలుసా?"